అడగకూడని కాగితం

పక్కింటాయన ఇల్లు ఎంతకు కొన్నాడో తెలుసుకోవాలని మీకెప్పుడూ అనిపించలేదంటే నేను నమ్మను. నాకైతే ఆ యావ చిన్నప్పటి నుంచీ ఉంది. పూర్వం అలాంటివి తెలియాలంటే రచ్చబండ దగ్గరో, మంగలి షాపులోనో నలుగురిని కదపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ కష్టం లేదు. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఎవరు ఎవరికి ఏ సంవత్సరంలో ఎంతకు అమ్మారో వచ్చేస్తుంది. మీభూమి వెబ్‌సైటులో సర్వే నంబరు కొడితే అడంగల్ కనిపిస్తుంది. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు వరసన వెతుక్కుంటూ పోతే ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరి వయసెంతో తెలిసిపోతుంది. మా చుట్టాల్లో ఎవరికి ఎన్ని సెంట్లు ఎక్కడున్నాయో వాళ్లకన్నా నాకే బాగా గుర్తు. పెళ్లి సంబంధం వస్తే అవతలి వాళ్లు కాఫీ తాగి వెళ్లేలోపే వాళ్ల ఆస్తి వివరం నా ఫోన్‌లో ఉండేది.

ఇవన్నీ తెరిచిపెట్టిన రికార్డులే. తెరిచిపెట్టడానికి కారణం కూడా ఉంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మకుండా, తాకట్టులో ఉన్న పొలాన్ని తెలియనివాడికి అంటగట్టకుండా ఉండాలంటే రిజిస్టరు ఎవరైనా చూసేలా ఉండాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే ఈ ఏర్పాటు చేసింది. అదే చట్టం వీలునామా విషయంలో మాత్రం వేరే దారి పట్టింది. రాసిన మనిషి బతికున్నంత కాలం దాని నకలు రాసినవాళ్లకో, వాళ్ల తరఫు ఏజెంటుకో తప్ప బయటివాళ్లకు ఇవ్వరు. అమ్మకం నలుగురికీ సంబంధించినది, ఆఖరి కోరిక ఆ ఒక్కరిది. ఏది చూపాలో ఏది దాచాలో నూరేళ్ల కిందట చట్టం రాసినవాళ్లకు తెలిసిన ఈ తేడా, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పిన నాకు తెలియలేదు. తెలిసినా పట్టించుకోలేదు. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుగా పనిచేశాను. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మొదటిసారి దాని జోలికి వెళ్లింది మా వీధి రోడ్డు కోసం. వేసిన ఏడాదికే సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పది రూపాయల రుసుము కట్టి ఎస్టిమేటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడిగాను. మున్సిపాలిటీ వాళ్లు ముప్పై రోజుల గడువు దాటించారు. గడువు దాటితే పేజీకి రెండు రూపాయలు కూడా తీసుకోకుండా ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ సెక్షన్ చూపించాను. కాగితాలు ఇచ్చారు. ఎం-బుక్‌లో రాసిన మందం చదువుకుని, టేపు పట్టుకుని వెళ్లి, పగిలిన చోట అంచు కొలిచాను. రాసినదానికీ వేసినదానికీ పొంతన లేదు. వీధి వాళ్లందరం కలిసి ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి కమిషనరుకు ఇచ్చాం. కంట్రాక్టరు మళ్లీ వచ్చి రోడ్డు వేశాడు.

అది మంచి పని. ఈనాటికీ అదే మాట అంటాను. కానీ ఆ రోడ్డుతో పాటు నాలో ఇంకొకటి మొదలైంది. నన్ను ‘ఆర్టీఐ మాస్టారు’ అనడం మొదలుపెట్టారు. పింఛను ఆగిందని ఒకరు, రేషన్ కార్డులోంచి పేరు పోయిందని ఒకరు ఇంటికి వచ్చేవారు. గ్రామ పంచాయతీలో అడిగితే రుసుమే లేదనీ, మండల స్థాయిలో ఐదు రూపాయలనీ, ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించే హక్కు అధికారికి లేదనీ పెళ్లిళ్లలో, దినాల్లో కూడా చెప్పేవాణ్ణి. జేబులో ఎప్పుడూ పోస్టల్ ఆర్డర్లు ఉండేవి. ఆఫీసులోకి అడుగుపెడితే గుమాస్తా లేచి కుర్చీ వేసేవాడు. ఆ కుర్చీ నాకు బాగా రుచించింది. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున పాతిక వేల దాకా జరిమానా పడుతుందని గుర్తు చేసినప్పుడు ఎదుటివాడి ముఖంలో వచ్చే మార్పు చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో బదిలీల కౌన్సెలింగ్ వచ్చింది. ఊరికి దగ్గర, బస్సు దిగితే బడి, నాకు కావలసిన స్కూలు ఒకటి ఖాళీగా ఉంది. పాయింట్లు లెక్క వేసుకున్నాను, నాదే అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను. తీరా చూస్తే ఆ చోటు మా స్కూల్లోనే నాకన్నా చిన్నవాడైన ఒక మాస్టారుకి వెళ్లింది. ప్రిఫరెన్షియల్ కేటగిరీ అన్నారు. టీచరుకో, భార్యకో, పిల్లలకో క్యాన్సర్, గుండె ఆపరేషన్, కిడ్నీ డయాలసిస్ లాంటివి ఉంటే వైద్య ధ్రువపత్రం చూసి ముందుగా కోరుకునే అవకాశం ఇస్తారు. ఆయన చూస్తే నిక్షేపంగా ఉన్నాడు. రోజూ బండి మీద వస్తున్నాడు, డ్రిల్ పీరియడ్‌లో పిల్లలతో వాలీబాల్ ఆడుతున్నాడు.

బదిలీలు వచ్చాయంటే దొంగ సర్టిఫికెట్ల మాట స్టాఫ్ రూముల్లో వినపడుతూనే ఉంటుంది. కాబట్టి అనుమానం రావడం తప్పని నేను అనుకోను. తప్పు అర్జీ దగ్గర జరిగింది. ఈ కేటగిరీలో జిల్లాలో ఎందరికి చోటిచ్చారు, ధ్రువపత్రాలు ఎవరు సరిచూశారు, ఏ తేదీన సరిచూశారు, ఎన్ని తిరస్కరించారు అని అడగాలి. ఆ ప్రశ్నలు నాకు రాక కాదు. పదిమందికి అలాంటి అర్జీలు రాసిపెట్టినవాణ్ణే. ఆ రోజు మాత్రం ఆయన పేరు రాసి, ఆయన పెట్టిన ధ్రువపత్రాలు, వాటికి జతపరిచిన ఆస్పత్రి కాగితాలు, పరీక్షల రిపోర్టులు అన్నిటి నకళ్లూ కావాలన్నాను. అర్జీలో కారణం చెప్పనక్కర్లేదని ఊరంతా టముకు వేసిన నేను ఆ అర్జీలో కారణం కూడా రాశాను: ‘విస్తృత ప్రజా ప్రయోజనం దృష్ట్యా’. ఆ మాట లేకపోతే వ్యక్తిగత సమాచారం ఇవ్వరని నాకు తెలుసు. తెలిసే రాశాను. నాకు కావలసింది ప్రజా ప్రయోజనం కాదు, ఆ స్కూలు. స్కూలు రాకపోయినా సరే, ఆయన దొంగ అని తేలితే చాలనుకున్నాను.

మీరు నన్ను తిట్టుకునే ముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనకు రావలసింది ఇంకొకరికి వెళ్లినప్పుడు, అతనికి అన్యాయంగా వెళ్లిందనే ఆధారం దొరికితే ఎంత ఊరట! ఆ ఊరట కోసం మనిషి ఎంత దూరమైనా వెళతాడు. నేను వెళ్లాను.

గడువులోపే రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చింది. విప్పాను. పైన ధ్రువపత్రం, దాని కింద ఆధార్ నకలు, ఫోన్ నంబరు, డిశ్చార్జి సమ్మరీ, దాని కింద బయాప్సీ రిపోర్టు, ఏ ఒక్క అక్షరం మీదా నల్ల గీత లేదు, ప్రతి పేజీ మీదా ఆఫీసు ముద్ర ఉంది, రోగి పేరు దగ్గర ఉన్నది ఆయన పేరు కాదు, ఆయన భార్య పేరు, రొమ్ము క్యాన్సర్. అక్కడితో మూసేసి ఉండాలి. మూయలేదు. ధ్రువపత్రం దొంగది కానందుకు ముందు నాకు నిరాశ కలిగింది, ఆ తర్వాతే ఆమె గుర్తొచ్చింది. అదే పొద్దున కవరు స్కూలుకు పట్టుకెళ్లాను, ఇంటర్వెల్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే ఆయనతో ‘అసలు సంగతి ఇదండీ, ఎవరితోనూ అనకండి’ అన్నాను, ఆయన ఇంట్లో అన్నాడు, ఆయన కొడుకు ట్యూషన్‌లో అన్నాడు, ఆ ట్యూషన్‌లోనే ఆ మాస్టారు కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పరీక్షలు అయ్యేదాకా పిల్లకు తెలియకూడదని తల్లికి జరిగింది గర్భసంచి ఆపరేషన్ అని చెప్పి ఉంచారట. ఆ పిల్ల ఆ సాయంత్రం అదే ట్యూషన్‌లో, తోటి పిల్లల మధ్య, తన తల్లి జబ్బు పేరు విన్నది.

ఆ అమ్మాయి ఏం చేసిందో, ఇంటికి వెళ్లి తల్లిని ఏమడిగిందో రాయడానికి నాకు హక్కు లేదు. ఒక్కసారి వాళ్ల ఇంటి సంగతి బయటపెట్టింది చాలు.

మర్నాడు ఆ మాస్టారు స్టాఫ్ రూముకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. గట్టిగా అరవలేదు. ‘మాస్టారూ, నా సర్టిఫికెట్ మీద అనుమానం ఉంటే మెడికల్ బోర్డుకు పంపమని అడగాల్సింది. వాళ్లు చూసేవాళ్లు, నిజమో కాదో మీకు చెప్పేవాళ్లు. మా ఆవిడ రిపోర్టు మీకెందుకండీ?’ అన్నారు. ఇన్నేళ్లు నేను చదివిన చట్టమంతా ఆ రెండు మాటల్లో ఉంది. తనిఖీ జరగాలి, ఫలితం అందరికీ తెలియాలి, జబ్బు మాత్రం ఆ ఇంటిది. నేను ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆయన క్షమించాలని నియమమేమీ లేదు.

తర్వాత చట్టం తీసి మళ్లీ చదివాను. మూడో వ్యక్తి సమాచారం, అదీ గోప్యంగా చూడవలసినది, ఎవరైనా అడిగితే అర్జీ అందిన ఐదు రోజుల్లో ఆ మనిషికి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి అతనికి పది రోజులు ఉంటుంది. 11వ సెక్షన్ ఉన్నది అందుకే. దాచవలసిన భాగాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వమని 10వ సెక్షన్ చెబుతోంది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నీ, మనిషి ఆంతరంగిక జీవితంలోకి అకారణంగా చొరబడేదాన్నీ ఇవ్వనక్కర్లేదని 8(1)(జె) చెప్పేది. విస్తృత ప్రజా ప్రయోజనం నిజంగా ఉంటేనే దానికి మినహాయింపు. గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012లోనే సుప్రీంకోర్టు, ఉద్యోగి మెమోలు, ఆస్తుల వివరాలు లాంటివి కూడా ఈ సెక్షన్ కిందికే వస్తాయంది. ఆ తీర్పు నాకు కంఠతా వచ్చు. మరి మా సమాచార అధికారి నోటీసు ఎందుకివ్వలేదు, గీత ఎందుకు కొట్టలేదు? ఆయన్నే అడిగాను. ‘అడిగింది మీరు కదండీ, మీతో పేచీ ఎందుకని మొత్తం ఇచ్చేశాం’ అన్నాడు. నేను ఇష్టపడిన ఆ కుర్చీ, ఆ భయం, ఆ పాతిక వేల మాట చివరికి చేసిన పని అది. చట్టంలో తలుపు ఉంది, గొళ్లెం కూడా ఉంది. వేయాల్సినవాడు నాకు భయపడి వేయలేదు.

ఈ కథ ఇప్పుడు చెప్పడానికి ఒక కారణం ఉంది. నాలాంటివాళ్లను చూపించి తలుపునే గోడ చేసేశారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 44(3) అని ఒక సెక్షన్ పెట్టారు. అది 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాంతో 8(1)(జె)లో ఉన్న షరతులన్నీ పోయాయి. ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా లేదా అన్న పరీక్ష పోయింది. అకారణ చొరబాటా కాదా అన్న పరీక్ష పోయింది. పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వననలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వననకూడదన్న గొప్ప వాక్యం కూడా పోయింది. మిగిలింది ఒక్కటే: వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వనక్కర్లేదు. హాని కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) అలాగే ఉంది, నిజమే. కానీ అక్కడ భారమంతా అడిగేవాడి మీదే పడుతుంది. నా పేరు చూసి భయపడి ఇచ్చే అధికారి ఉన్నాడు. ఆసరా లేని ముసలమ్మ వెళితే ఆమె కోసం ప్రజా ప్రయోజనం తూకం వేసి ఇచ్చే అధికారి ఎందరున్నారు?

పేరు అనేది వ్యక్తిగత సమాచారమే కదా. పేర్లు తీసేస్తే ఏం మిగులుతుందో ఉపాధి హామీ కూలీల హాజరు పట్టీలో, అంటే మస్టర్‌లో చూడండి. అసలు ఈ హక్కు పుట్టిందే మస్టర్ రోళ్ల దగ్గర. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ దే, శంకర్ సింగ్‌లతో కలిసి కూలీలు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టుకున్నారు. 1994 చివరి నుంచి ఊరి మధ్య టెంటు వేసి రికార్డులు చదివి వినిపించారు. పనికి రాని వాళ్ల పేర్లు, చనిపోయిన వాళ్ల పేర్లు కూలి తీసుకున్నట్టు రాసి ఉండేవి. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నాకు కూర్చున్నారు. మన దగ్గర ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ కూడా మొదలైంది.

మా మండలంలో ఒకసారి ఆ గ్రామసభకు వెళ్లాను. రామాలయం అరుగు మీద ఒక కుర్రాడు మస్టర్ చదువుతున్నాడు. పేరు, తండ్రి పేరు, ఎన్ని రోజుల పని, ఎంత కూలి. ఒక పేరు దగ్గర వెనక వరసలో ఒక ముసలాయన లేచి ‘ఆడు హైదరాబాదులో వాచ్‌మన్ కదరా, చెరువు పనికి ఎప్పుడొచ్చాడు?’ అన్నాడు. అంతే, సభ అంతా లేచింది. ఆ పేరు నల్లగీత కింద ఉంటే ఆ ముసలాయన లేచేవాడు కాదు, ఆ డబ్బు ఎటు పోయిందో ఎప్పటికీ తెలిసేది కాదు. అయితే ఆ సభలో ఎవరి జబ్బూ చదవలేదు, ఎవరి ఆధార్ నంబరూ చదవలేదు, అవసరం రాలేదు. దొంగతనం పట్టుకోవడానికి ఎంత కావాలో అంతే చదివారు.

దాచాల్సింది దాచడం మాత్రం ప్రభుత్వాలకు రాలేదు. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్లు ఒక నివేదికలో, నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలోనే దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపించే స్థితిలో ఉండొచ్చని అంచనా వేశారు. వాటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి చంద్రన్న బీమాది, రెండోది ఉపాధి హామీ చెల్లింపులది. ఎవరో ఆర్టీఐ అర్జీ పెట్టి లాగినవి కావు అవి. ఆ ఏడాదే ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తీర్పు పౌరుణ్ణి ప్రభుత్వం నుంచి కాపాడటానికి వచ్చింది. దాన్ని పట్టుకెళ్లి ప్రభుత్వాన్ని పౌరుడి నుంచి కాపాడటానికి వాడటం నాకు భరించరానిదిగా ఉంది.

నా తప్పుకు నేను బాధ్యుణ్ణి. నన్ను ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పాత సెక్షన్‌ను ఎవరైనా చదివి అమలు చేసి ఉంటే ఆ కవరు నాకు వచ్చేదే కాదు. 44(3) పోవాలి, పాత 8(1)(జె) ఏ అక్షరమూ మారకుండా తిరిగి రావాలి. మీ ఎంపీకి ఈ సంగతి ఒక ఉత్తరం రాయండి.

మీరు అర్జీ రాసేటప్పుడు కూడా ఒక పని చేయండి. మన డబ్బు ఎక్కడ ఖర్చైందో అడగండి, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో అడగండి, ఏ నియమం ప్రకారం ఇచ్చారో అడగండి, పేర్లు కావలసిన చోట పేర్లు అడగండి. ఫోన్ నంబర్లు, ఆధార్, ఆస్పత్రి కాగితాలు కొట్టేసి ఇవ్వమని అర్జీలో మీరే ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదంటే ఆ అర్జీ ఆ రోజుకు పోస్టు చేయకండి.